ఊడిపోయిన చీటీలు

ముప్పై మూడేళ్ళ నర్సు ఉద్యోగంలో ఒక్కసారే ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి, "మీకు మేం చెప్పింది తప్పు" అని ఎదురుగా నిలబడి చెప్పవలసి వచ్చింది. నర్సింగు చదువుతున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా బొగ్గు బావుల ప్రమాదాల గురించి అడుగుతారు. అవి చెప్పడం సులువు. వాటిలో నా తప్పేమీ లేదు కదా. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎనభై దాటాక సిగ్గు కూడా కాస్త అరుగుతుందని ఈమధ్యే తెలిసింది. అందుకే రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఐదారేళ్ళకు జరిగిన సంగతి ఇది. బెల్లంపల్లికి దగ్గర్లో, బొగ్గు బావులున్న ఒక ఊళ్ళో చిన్న దవాఖాన. దాని పేరు చెప్పను. మా బాపు వ్యవసాయం చేస్తూ, ఆదివారాలు మా చర్చి సంఘంలో పాటలు పాడించేవాడు. మిషన్ వాళ్ళు నర్సింగు నేర్పుతారని తెలిసి నన్ను పంపించాడు. శిక్షణ అయ్యాక ఈ దవాఖానలో ఆపరేషన్ గదికి నర్సుగా వేశారు. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. నా అంత జాగ్రత్తగా పనిచేసేవాళ్ళు ఆ దవాఖానలో లేరని నాకో నమ్మకం ఉండేది.

మా సర్జన్ హైదరాబాదులో చదివి, కొన్నాళ్ళు విదేశంలో పనిచేసి వచ్చినవాడు. అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆయనకు విదేశీ వైద్య పత్రికలు ఓడలో వచ్చేవి, నెలల ఆలస్యంగా, పురికొస కట్టి. టీ తాగుతూ వాటి అతుక్కున్న పేజీలు కత్తెరతో విడదీసుకుని చదివేవాడు. మత్తుకు ఈథర్ పట్టడం నుంచి మందుల పొట్లాలు కట్టడం దాకా అన్నీ చేసే కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ళు, బక్కపలచని మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. పై అధికారి అన్న మాట వింటేనే ఆయనకు చేతులు చెమటలు పట్టేవి. నాకు పనిలో మంచి తోడు.

శరీరంలో ఎక్కడైనా గడ్డ ఉండి, అది రాచపుండేమో, అంటే క్యాన్సరేమో, అని అనుమానం వస్తే చిన్న ముక్క కోసి హైదరాబాదుకు పంపేవాళ్ళం. అక్కడ దాన్ని పలచగా కోసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూసి రాస్తారు. ముక్కను పాడవకుండా ఫార్మలిన్ పోసిన సీసాలో వేయడం, సీసా మీద నంబరు చీటీ అంటించడం, దానితో పాటు పేషెంటు వివరాల కాగితం రాయడం నా పని. చెక్కపెట్టెలో గడ్డి వేసి సర్ది రైలుకు అందించడం కాంపౌండరు పని.

ఆ రోజు ఇద్దరు ఆడవాళ్ళకు రొమ్ములో గడ్డలు. మొదటామె అరవై దగ్గరపడిన మనిషి, చొప్పదండి పక్కన ఒక పల్లె. బీడీలు చుట్టి బతుకుతుంది. భర్త లేడు, పిల్లలు లేరు. మా ఊళ్ళో బావి పనికి వచ్చిన తమ్ముడింటికి చుట్టపుచూపుగా వస్తే, మరదలు బలవంతంగా దవాఖానకు పట్టుకొచ్చింది. ఆమె సీసా నంబరు పదిహేడు. రెండో ఆమెకు ఇరవై మూడేళ్ళు, చంకలో నాలుగు నెలల పాప. భర్త బొగ్గు నింపే కూలీ. ఆమె సీసా పద్దెనిమిది.

రెండో ముక్క సీసాలో పడిందో లేదో, బయట కేకలు వినిపించాయి. బావిలో పైకప్పు కూలి ముగ్గురిని మోసుకొచ్చారు. ఇక ఆ మధ్యాహ్నం దాకా నాకు సీసాలు గుర్తులేవు. చీటీలు అంటించాను గాని, వివరాల కాగితాల మీద నంబరు, "రొమ్ములో గడ్డ" అన్న మాట తప్ప ఏమీ రాయలేదు. వయసు గడి ఖాళీగా వదిలేశాను. తర్వాత నింపుదామనుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి కాంపౌండరు పెట్టె పట్టుకుని వచ్చాడు. "సిస్టర్, ప్యాసింజరు వచ్చే టైమయింది, సీసాలియ్యి" అన్నాడు. ట్రే దగ్గరకు వెళ్ళి చూస్తే బిరడాల పక్కనుంచి ఫార్మలిన్ కారి రెండు చీటీలూ తడిసి ఊడిపోయాయి. రెండూ ట్రే అడుగున అంటుకుని ఉన్నాయి. సీసాలు ఒకేలాంటివి. లోపలి ముక్కలు రెండూ చిక్కుడుగింజంత, రెండూ పాలిపోయి ఉన్నాయి.

"ఏది ఎవరిది?" అన్నాడు కాంపౌండరు.

"ఎడమ దిక్కుది ముసలామెది. నేనెప్పుడు ఎడమ నుంచి కుడికే పెడ్త" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

జిగురు రాసి చీటీలు మళ్ళీ అంటించాను. ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో పోయాడు.

ఆయన గేటు దాటాక ట్రే కడుగుదామని ఎత్తాను. ఇనుముకు తెల్లటి పూత పూసిన ట్రే అది. ఒక మూల పూత పెచ్చు లేచిపోయి నల్లగా కనిపించేది. ఆ మూల ఎప్పుడూ గోడవైపు ఉండేలా పెట్టేదాన్ని, చూడ్డానికి బాగుండదని. ఇప్పుడది నా వైపు ఉంది. దెబ్బలు తగిలినవాళ్ళను పడుకోబెట్టడానికి బల్ల ఖాళీ చేసినప్పుడు ఎవరో ట్రేను తీసి కిటికీ దగ్గర పెట్టారు. అప్పుడు అది ఇటుది అటు తిరిగి ఉండవచ్చు. తిరిగి ఉంటే ఎడమది కుడి, కుడిది ఎడమ.

స్టేషన్ పరుగెత్తితే పది నిమిషాలు. రైలు ఇంకా రాలేదు. వెళ్ళి పెట్టె వెనక్కి తెచ్చి, డాక్టర్ సాబ్‌తో "చీటీలు ఊడిపోయాయి, మళ్ళీ ముక్కలు తీయాలి" అని చెప్పవచ్చు. ఇద్దరాడవాళ్ళను మళ్ళీ కోయాలి, అంతేకదా. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. బహుశా తిరగలేదేమో అనుకున్నాను. బహుశా అప్పటికే పెచ్చు మూల ఇటే ఉందేమో అనుకున్నాను. రైలు కూత వినిపించింది. అప్పుడు ట్రే కడిగి ఆరబెట్టాను.

మర్నాడు కాంపౌండరుతో చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గీ మాట ఇంకెవ్వరితోని అనకు. రెండిట్ల ఏముండది తియ్యి. ఇద్దరికి మంచిగనే వస్తది. వస్తె ఎవరిదేదైతేంది?"

ఆ మాట పట్టుకుని మూడు వారాలు బతికాను. రెండూ మంచివైతే పీడా పోతుంది. ప్రార్థనలో కూడా అదే అడిగాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. ఆ ఇద్దరాడవాళ్ళ మేలు కోరి అడిగాననే అప్పుడు అనుకున్నాను.

రిపోర్టులు పోస్టులో వచ్చాయి. డాక్టర్ సాబ్ విప్పి, ఒక్కొక్క కాగితంలో కింద గీత కొట్టి రాసిన చివరి మాట చూశాడు. ఒకటి పక్కన పెట్టాడు. రెండోది చేతిలోనే పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

"పద్దెనిమిది," అన్నాడు. "గా చిన్న పిల్ల. పాలిచ్చే తల్లి. ఇరవై మూడేండ్లకు రాచపుండు." కాగితం బల్ల మీద పెట్టాడు. "నేను పాలగడ్డ కావచ్చు అనుకున్న."

"సార్" అన్నాను.

"ఏంది సిస్టర్?"

"ఏం లేదు సార్."

చొప్పదండి ఆమె చెప్పిన రోజుకు వచ్చింది. డాక్టర్ సాబ్ కుట్లు మానిన చోటు చూసి, "ఫికర్ లేదవ్వా, మంచిగున్నది, ఇంటికి పో" అన్నాడు. ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. పోతూ పోతూ కొంగు విప్పి నా రెండు చేతుల్లో రేగుపళ్ళు పోసింది. నేను ఒక్కటీ తినలేకపోయాను.

చిన్నామెను వార్డులో చేర్చారు. గురువారం ఆపరేషన్. ఆ రోజుల్లో రొమ్ము రాచపుండు అంటే రొమ్మూ, దాని కింద ఛాతీ కండా, చంకలోని గడ్డలూ అన్నీ ఒకటిగా తీసేయడమే పద్ధతి. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదని నేర్పారు. ఆమెకు అదంతా తెలియదు. బుధవారం పాపకు పాలిస్తూ నన్ను పిలిచి, "సిస్టరమ్మా, ఒక దిక్కు తీసేసినంక ఇంకొక దిక్కు పాలుంటయ్ గదా?" అని అడిగింది.

"ఉంటయ్" అన్నాను. అది నిజమే. నేను ఆ మూడు వారాల్లో చెప్పిన నిజాల్లో అదొకటి.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆమెకు మత్తుకు ముందిచ్చే సూది వేశాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. వరండాలో ఆమె భర్త పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. బావి నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చెవుల వెనక బొగ్గు మసి అట్లాగే ఉంది. నేను డాక్టర్ సాబ్ గదిలోంచి రిపోర్టు తెచ్చి ఆమె కేసు కాగితాలకు గుచ్చాలి. సొరుగు తీశాను. రెండు రిపోర్టులూ ఒకే గుండుసూదికి ఉన్నాయి. విడదీయబోతుంటే పైన ముసలామె రిపోర్టు కనబడింది.

నేను ఇంగ్లీషు నెమ్మదిగా చదవగలను. మధ్యలో నాలుగు లైన్లు రాసి ఉన్నాయి, ముక్కలో ఏమేం కనిపించిందో. అందులో ఒక మాట దగ్గర నా వేలు ఆగింది. కాన్పుల శిక్షణలో నేర్చుకున్న మాట అది. పాలు తయారవుతున్న గ్రంథులు అని అర్థం.

అరవై ఏళ్ళ మనిషి. పిల్లలే లేని మనిషి.

హైదరాబాదులో రాసినాయనకు వయసు తెలిసి ఉంటే అక్కడే ఆపి ఉండేవాడు. వయసు గడి నేను ఖాళీగా వదిలేశాను.

కాగితం పట్టుకుని మందుల గదిలోకి వెళ్ళాను. కాంపౌండరు ఈథర్ సీసా మూత తీస్తున్నాడు. చూపించాను. ఆయనకు ఆ ఇంగ్లీషు రాదు, నేను తెలుగులో చెప్పాను.

"సిస్టర్, సూది గూడ ఇచ్చినవ్. ఇప్పుడు చెప్తే ఇద్దరం పోతం."

"చెప్పకుంటె గా పిల్లకు ఉత్తగనే కోస్తరు."

"నువ్వనుకున్నది తప్పైతే? గా పిల్లకు నిజంగనే ఉంటె?"

ఆయన ఈథర్ సీసా బల్ల మీద పెట్టి రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాకు ముగ్గురు పిల్లలు," అన్నాడు. నేను తలుపు వైపు నడుస్తుంటే అడ్డం రాలేదు. అది మాత్రం ఆయన గురించి చెప్పాలి.

డాక్టర్ సాబ్ మోచేతుల దాకా సబ్బు నురగతో చేతులు రుద్దుకుంటున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు, బ్రష్ చప్పుడు. ఆయన ఒక్కో వేలూ రుద్దుకుంటున్నాడు. ఆరో వేలో ఏడో వేలో అయ్యాక చెప్పాను.

"సార్, సీసాలు తారుమారైనయేమో."

బ్రష్ ఆగింది. నేను రిపోర్టు ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను. ఆయన చేతులు పైకెత్తి పట్టుకునే చదివాడు. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒకసారి, మళ్ళీ ఒకసారి చదివాడు. చీటీలు ఊడిపోవడం, ట్రే, వయసు రాయకపోవడం అంతా చెప్పాను. కాంపౌండరు అడిగాడనీ, నేనే పక్కా అన్నాననీ చెప్పాను.

"గీ అనుమానం నీకు ఎన్నడొచ్చింది?" అన్నాడు. గొంతు ఎంత తగ్గిందంటే నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఈ పొద్దున్నే అంటే సరిపోయేది.

"గా దినమే సార్. రైలు పోకముందే."

ఆయన నా వైపు చూడలేదు. చేతులు కడుక్కుని తుండు తీసుకున్నాడు. తుడుచుకున్నాక అన్నాడు: "నేను గూడ ఆఖరి లైనొక్కటే చదివిన. నడిమిట్ల చదువలే. చదివుంటె నేనే పట్టుకునేటోన్ని." తర్వాత వరండాలోకి వెళ్ళి ఆ భర్తతో మాట్లాడాడు. నేను తలుపు వెనక ఉన్నాను. "ఈ దినం కొయ్యట్లేదు. మా దగ్గర తప్పైంది. మళ్ళొకసారి చిన్న ముక్క తీసి చూడాలె. నీ భార్యకు రోగం ఉండకపోవచ్చు, ఉండొచ్చు. పక్కాగ తెలిసేదాంక కత్తి పెట్టను."

అతను అరుస్తాడనుకున్నాను. పాపను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఎవరు జేసిండ్రు తప్పు?" అన్నాడు.

నేను బయటికి వచ్చి, "నేను" అన్నాను.

అతను నన్ను పై నుంచి కింద దాకా చూశాడు. "మొన్న రూఫు కూలిన నాడు మా దోస్తు తలకు కుట్లేసింది నువ్వే గదా," అన్నాడు. అంతే. నన్ను క్షమించాడో లేదో ఈనాటికీ తెలియదు.

ఆమెకు మళ్ళీ ముక్క తీశాము. ఈసారి సీసా ఒక్కటే. కాంపౌండరు దాన్ని పెట్టెలో పెట్టలేదు. తనే హైదరాబాదుకు రైలెక్కి, దారి పొడుగునా సీసాను ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, తనే అడిగి వెళ్ళాడు.

నన్ను డాక్టర్ సాబ్ పిలిచాడు. "ఉత్తరం రాస్తె ఆమెకు చదివిపెట్టేటోళ్ళు ఉంటరో ఉండరో. నువ్వే పో. నువ్వే చెప్పు."

పెద్దపల్లి దాకా రైలు, అక్కణ్ణుంచి కరీంనగర్‌కు బస్సు, అక్కణ్ణుంచి చొప్పదండికి ఇంకో బస్సు. దారంతా ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఆమె పల్లెకు నడిచి వెళ్తే ఇంటికి తాళం. పక్కింటామె, "బీడీలు ఇచ్చుటానికి చొప్పదండి కార్ఖానకు పోయింది" అంది. మళ్ళీ వెనక్కి నడిచాను.

కార్ఖానా అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. చుట్టిన బీడీల కట్టలు చేటల్లో పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆమె నన్ను చూడగానే నవ్వింది. "నువ్వు గా దవాఖాన బిడ్డవు గాదూ? గిటెందుకొచ్చినవ్?" అని పక్కన చోటిచ్చింది.

"అవ్వా, జర బయటికొస్తవా?"

షెడ్డు వెనక తునికాకు కట్టల పక్కన నిలబడ్డాము. దారిలో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "నీకు మంచిగున్నదని చెప్పిన కాయిదం ఇంకొకామెది. నీది కాదు. సీసాలు నేను తారుమారు జేసిన. నీకు రోగం ఉన్నట్టున్నది అవ్వా."

ఆమె నవ్వు పూర్తిగా పోలేదు, మొహం మీదే ఎక్కడో ఆగిపోయింది. "అంటె డాక్టర్ సాబ్ అబద్ధం జెప్పిండా?"

"లేదు. ఆయనకు తెల్వలే. తప్పు నాది."

లోపల ఎవరో వరస పిలుస్తున్నారు. "గిన్ని దినాలు నేను నవ్వుకుంట తిరిగిన," అంది. "మా వాడల అందరికి చెప్పుకున్న. మళ్ళ పుట్టినట్టున్నది అన్న. ఇప్పుడు గది గూడ నువ్వే గుంజుకపోతున్నవ్."

నేను తల దించుకున్నాను. ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుందని బలవంతంగా ఆపుకున్నాను.

"గుండెను కోస్తరా?"

"రొమ్ము తీస్తరు."

"చెయ్యి?" అంది వెంటనే. "మా కార్ఖానల ఒకామెకు గిట్లనే కోసిండ్రు. చెయ్యి ఉబ్బి మొద్దయింది. చేట గూడ లేపది. బీడీలు లేవు, ఏం లేవు. నాకు ఎవరున్నరు? చెయ్యి మంచిగుంటదంటె వస్త. చెప్పు, ఉంటదా?"

ఉంటుంది అని చెప్తే ఆ బస్సుకే వచ్చేది. "నాకు తెల్వదు అవ్వా," అన్నాను. "నీ మాట డాక్టర్ సాబ్‌కు చెప్త. ఒకసారి పక్కా అని చెప్పి గింత జేసిన. మళ్ళ చెప్పలేను."

ఆమె చేట ఎత్తుకుంది. "చేతిల ఉన్న ఆకు అయిపోగొట్టి ఎల్లుండి వస్త" అని వరసలోకి వెళ్ళిపోయింది. తిరిగి చూడలేదు.

ఎల్లుండి వచ్చింది, పోయింది. ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్రతి రైలుకూ స్టేషనుకు వెళ్ళాను. ఈలోగా హైదరాబాదు నుంచి కాంపౌండరు తిరిగి వచ్చాడు. జవాబు చేతికిచ్చేదాకా అక్కడే మెట్ల మీద కూర్చున్నాడట. చిన్నామెది పాలగడ్డే. రోగం లేదు. ఆ మాట వార్డులో చెప్పినప్పుడు ఆమె పాపను దగ్గరికి లాక్కుంది. నేను అక్కడ ఉండలేక గదిలోకి వచ్చేశాను. ఇక ముసలామె సంగతి అనుమానం కాదు. మిగిలిన సీసా ఆమెదే.

ఐదో రోజు పొద్దుటి ప్యాసింజరులో దిగింది, మూట పట్టుకుని. "కార్ఖానోళ్ళు ఇంకొక కట్ట ఆకు ఇచ్చిండ్రు. మధ్యల ఇడిచిపెట్టొద్దు గదా" అంది. నాతో ఆపైన దవాఖాన దాకా మాట్లాడలేదు.

డాక్టర్ సాబ్‌కు మాత్రం సూటిగా చెప్పింది: "సాబ్, ఆకు కత్తిరించాలె, దారం చుట్టాలె. చెయ్యి లేకుంటె నేను ఉండుడెందుకు?"

ఆ సాయంత్రం ఆయన బల్ల మీద ఆ ఓడ పత్రికలు నాలుగైదు తెరిచి ఉన్నాయి. "కండ తియ్యకుంట ఇడిచిపెట్టి, తర్వాత కరెంటు పెడితె గూడ మనిషి అంతే కాలం బతుకుతుండని కొందరు రాస్తుండ్రు," అన్నాడు, నాతోనో తనతోనో. "కొందరు గట్ల చేసుడు పాపమే అంటుండ్రు. ఇంకా తేలలే. నాకు నేర్పినోళ్ళు మొత్తం తియ్యమన్నరు." కరెంటు పెట్టడం అని మావైపు రేడియేషన్ చికిత్సను అనేవారు. అది హైదరాబాదులోనే దొరికేది. "మొత్తం తీస్తె చెయ్యి పోతది. తియ్యకుంటె రోగం మిగిలిందేమో అని నేను నిద్రపోను. పైన ఒక నెల ఆలస్యమైంది. గా నెల దినాలల్ల రోగం ఎంత పెరిగిందో నాకు తెల్వది. నీకూ తెల్వది."

మర్నాడు ఆపరేషన్ గదిలో పనిముట్లు నేనే అందించాను. నా స్థానంలో ఇంకొకరిని పెట్టమని అడిగితే, "నువ్వే నిలబడు" అన్నాడు. రొమ్ము పైకి లేచింది. దాని కింద ఎర్రటి కండ కనిపించింది. ఆయన కత్తి ఆపి, వేలు పెట్టి అటూ ఇటూ జరిపి చూశాడు. గదిలో కాంపౌండరు పడుతున్న ఈథర్ చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ జరిపి చూశాడు.

"గడ్డ కండకు అంటుకోలే," అన్నాడు.

చంకలోకి వెళ్ళి రెండు చిన్న గడ్డలు తీశాడు. ఇంకా వెతికాడు. నేను కండ కోసే పెద్ద కత్తెర చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను, ఎప్పటిలాగే. ఆయన చెయ్యి చాచాడు. నేను కత్తెర పెట్టబోయాను.

"అది కాదు. దారం."

కత్తెర పక్కన పెట్టి కుట్లకు దారం అందించాను.

ఆమె హైదరాబాదు వెళ్ళి కరెంటు పెట్టించుకుని వచ్చింది. నెల తర్వాత చెయ్యి తల మీదికి ఎత్తి డాక్టర్ సాబ్‌కు చూపించింది. ఆ తర్వాత పదకొండేళ్ళు బీడీలు చుట్టి, ఒక చలికాలం ఉబ్బసం దమ్ముతో పోయింది. ఆ పోగొట్టిన నెల ఆమె ఆయుష్షులో ఏమైనా తిన్నదా అంటే నాకు తెలియదు. పదకొండేళ్ళు కదా అని నాకు నేను చెప్పుకోవచ్చు. పన్నెండు ఉండేవేమో అని కూడా అనుకోవచ్చు.

డాక్టర్ సాబ్ పైవాళ్ళకు రాసిన నివేదికలో మొదటి తప్పు తనదని రాశాడు, రెండోది నాది. కాంపౌండరు పేరు రాయలేదు. నన్ను కొన్నాళ్ళకు కరీంనగర్‌లో వేరే దవాఖానకు, రోజూ వచ్చిపోయే పేషెంట్లను చూసే గదికి మార్చారు. ఆపరేషన్ గది పోయిందని మొదట్లో చాలా బాధపడ్డాను.

ఇప్పటి పద్ధతులు పేపర్లో చదువుతుంటాను. సన్నటి సూదితో ముక్క తీస్తున్నారు. అచ్చు చీటీలు వచ్చాయి. ఆ ముక్క ఏ మందుకు లొంగుతుందో కూడా ముందే చెప్తున్నారు. ఆనాడు పత్రికల్లో తేలని తగువు తర్వాత చాలామటుకు తక్కువ కోసేవాళ్ళ వైపే తేలింది. పిల్లలూ, అవన్నీ మంచివే. కానీ ఏ యంత్రమైనా, దాని పక్కన "పక్కా" అనే మనిషి ఒకరు ఉంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చే ముందు ఒక్క క్షణం ఆగండి. వచ్చేశాక తప్పని తెలిస్తే, పరుగెత్తండి. రైలు ఇంకా రాలేదు అనుకోండి.

కరీంనగర్‌కు మారిన రెండేళ్ళకు, ఒక ఉదయం, నా గది ముందు వరసలోంచి చొప్పదండి ఆమె లేచి వచ్చింది. వెనకాల ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకామె, మొహమంతా భయం. కార్ఖానాలో పక్కన కూర్చునే మనిషట. రొమ్ములో గడ్డ తగిలి ఆరు నెలలైనా ఎవరికీ చెప్పలేదు. దవాఖాన అంటేనే వణుకు. కరీంనగర్‌లో ఇంకా పెద్ద దవాఖాన ఉంది, అక్కడ పెద్ద డాక్టర్లున్నారు. వాళ్ళు అక్కడికి పోలేదు. నేనెక్కడున్నానో అడుక్కుంటూ వచ్చారు.

నాకు అర్థం కాక, "నా దగ్గరికెందుకవ్వా? నేను నీకు జేసింది మర్చిపోయినవా?" అన్నాను.

చొప్పదండి ఆమె పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"గీమెకు చూపిచ్చు," అని ఆ మనిషితో అంది. "గీమె తప్పు జేస్తె కార్ఖాన దాంక నడిచొచ్చి చెప్తది. మిగితోళ్ళు చెప్తరో చెప్పరో నాకు తెల్వదు."

నేను లేచి తలుపు వేసి, గడ్డ ఉన్నామెను బల్ల మీద కూర్చోబెట్టాను.